దారం కట్టిన పేజీ

బోధన్,
2025 మార్చి 16, ఆదివారం.

సవిత వదినకు,

గురువారం సాయంత్రమే మఠానికి ఫోన్ చేశాను. మదర్ గారు మీకు చెప్పే ఉంటారు. మీరు ఆ గోడలు దాటి రాలేరు కాబట్టి జరిగింది రాస్తున్నాను.

గురువారం ఉదయం ఆరింటికి సుమ మేల్కొంది. ఆక్సిజన్ గొట్టం తీయమంది. నర్సు తీయలేదు. రెండు చెంచాల గంజి తాగింది. మూడోది వద్దంది. పదింటికి భూమవ్వ వచ్చింది, నలభై ఏళ్లుగా సుమ పక్కన కూర్చుని బీడీలు చుట్టిన మనిషి. "అక్కా, కాలనీల నల్లా వచ్చింది" అని చెప్పింది. "ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది?" అని సుమ అడిగింది. అది ఆమె పూర్తిగా మాట్లాడిన చివరి మాట.

మధ్యాహ్నం మూడింటికి ఫాదర్ ఇన్నయ్య గారు వచ్చి నుదుటికి, చేతులకు తైలం రాశారు. ఆయన ప్రార్థన చదువుతుంటే సుమ పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. పాటల నోటుబుక్కు దిండు కింద పెట్టమని సైగ చేసింది. పెట్టాను.

అయిదింటికి నేను పేపరు చదివి వినిపిస్తున్నాను. రోజూ జిల్లా పేజీ మొత్తం చదవాలి, లేకపోతే ఊరుకోదు. మోర్తాడ్ పసుపు రైతుల వార్త సగంలో ఉన్నాను. తల ఎత్తి చూశాను. అయిదూ నలభై.

శుక్రవారం హోలీ. ఇంటికి వచ్చిన ఆడవాళ్లందరూ తలారా స్నానం చేసే వచ్చారు, అయినా చెవుల వెనక రంగు మిగిలే ఉంది. హున్సాలో ఏటా హోలీకి ఆడే పిడిగుద్దులాట అయ్యాక ఆ ఊరి వాళ్లు రెండు ట్రాక్టర్లలో వచ్చారు. శనివారం పదకొండింటికి ఫాదర్ గారి గుడిలో పూజ. నాలుగు వేల మంది అని పేపర్లు రాశాయి. బీడీ కార్మికుల సంఘం నాయకులు చాలామంది వచ్చారు. బయట ఆరు ఉపన్యాసాలు జరిగాయి. మీ అమ్మగారి పక్కనే పెట్టాం.

పూజ నియమం ప్రకారమే జరిగింది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

నాగేందర్

*

మంగళూరు,
మార్చి 22.

నాగేందర్ మరిదికి,

యేసు నామంలో శాంతి.

మీ ఉత్తరం మదర్ గారు సాయంత్ర ప్రార్థన అయ్యాక నా చేతికిచ్చారు. తపస్సు కాలంలో, అంటే విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా, మాకు ఉత్తరాలు ఉండవు. నా చెల్లెలు పోయింది కాబట్టి మూడు ఉత్తరాలకు అనుమతి ఇచ్చారు. ఇది మొదటిది. చిన్న అక్షరాలతో రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మీరు పేపరు చదువుతుండగా వెళ్లిపోయిందని చదివి ఏడ్చాను, తర్వాత నవ్వు కూడా వచ్చింది. చిన్నప్పుడు షుగర్ ఫ్యాక్టరీ కాలనీలో బాపు పేపరు చదువుతుంటే అది అలాగే ఒళ్లో నిద్రపోయేది. బాపు ఆపితే లేచి "ఎందుకు ఆపినవ్?" అనేది.

శనివారం పదకొండింటికి పూజ అని ఫోన్‌లో చెప్పారట. ఆ సమయానికి నేను పూజలో పంచే అప్పాలు కోసే గదిలో ఉన్నాను. అక్కడ మాట్లాడకూడదు. మిషన్ ఆపి గడియారం చూశాను. సరిగ్గా పదకొండింటికి, మీ దగ్గర గుడిలో బృందం పాట ఎత్తుకునే వేళకు, నేనూ ఇక్కడ ఎత్తుకున్నాను. మెల్లగానే. మదర్ గారు తలుపు దగ్గరికి వచ్చారు, విననట్టు వెళ్లిపోయారు.

ఇలా ఎందుకు చేశానంటే, అమ్మ అంత్యక్రియల పూజలో మేమిద్దరమే పాడాం. నాకు పదహారు, సుమకు పన్నెండు. హార్మోనియం వాయించే ఆయన జ్వరంతో రాలేదు. ఇద్దరం పాడి, ఇంటికి నడిచివస్తూ మాట అనుకున్నాం: ముందు ఎవరు పోతే రెండోవాళ్లు పాడాలి. తర్వాత నేను ఈ మఠంలో చేరాను. చేరే ముందు రోజు సుమ అన్నది, "నువ్వు రాలేవు గదా, పర్వాలేదక్కా. నా బృందం పాడుతది. నన్ను మాటలతోనే పంపకుండా చూసుకుంట." ముప్పై ఏళ్లు ఆ బృందాన్ని నిలబెట్టింది దానికోసమే అనిపిస్తుంది నాకు.

అందుకని అడుగుతున్నాను. ఏమేం పాడారు? ప్రవేశగీతం ఏది? కానుకల వేళ ఏది? సత్ప్రసాదం పంచేటప్పుడు ఏది? కావ్యే కదా ఇప్పుడు బృందానికి పెద్ద, దాని గొంతు నిలబడిందా? మీకు పాటలు పట్టవని తెలుసు. అయినా గుర్తున్నంత రాయండి. నేను ఎత్తుకున్న పాటా, వాళ్లు ఎత్తుకున్న పాటా ఒకటేనేమో తెలుసుకోవాలి.

వేళకు తినండి. వంట రాకపోతే భూమవ్వను అడగడానికి మొహమాటపడకండి.

మీ సవిత వదిన

*

బోధన్,
మార్చి 29.

వదినకు,

ఉత్తరం అందింది. రేపు ఉగాది. భూమవ్వ మామిడికాయలు తెచ్చింది. మనిషి పోయిన ఇంట్లో పచ్చడి చేయరు అని మళ్లీ తీసుకుపోయింది.

మీరు అడిగిన పాటలు. ప్రవేశానికి కాపరి పాట. ఆ తర్వాత మహిమ గీతం. కీర్తన కావ్య పాడింది. కానుకల వేళ గోధుమ గింజ పాట. సత్ప్రసాదం అప్పుడు రెండు పాటలు. చివర దేవమాత పాట. కావ్య గొంతు నిలబడింది. అందరూ బాగుందన్నారు.

సంఘం ఆఫీసులో ఆమె ఫోటో పెట్టారు. నన్ను పిలిచారు. పోయి వచ్చాను. వంట నేర్చుకుంటున్నాను.

నాగేందర్

*

మంగళూరు,
ఏప్రిల్ 4.

నాగేందర్ గారికి,

మీ జాబితా మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషించాను. నేను ఎత్తుకున్నదీ కాపరి పాటే. రెండోసారి మహిమ గీతం దగ్గర ఆగాను.

మహిమ గీతం అంత్యక్రియల పూజలో ఉండదు. ఎవరు పోయినా ఉండదు. తపస్సు కాలం ఆదివారాల్లో కూడా ఉండదు. ఇన్నయ్య ఫాదర్ కాదు, కొత్తగా నేర్చుకునే పిల్ల కూడా ఆ తప్పు చేయదు. మీరు రాసింది మామూలు ఆదివారం జాబితా.

పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లూ చివరి బల్ల మీద పేపరు మడిచి పెట్టుకుని కూర్చున్నారు. నా చెల్లెలి పూజలో ఏం జరిగిందో కూడా మీకు తెలియకపోతే, ఆ రోజు మీరు అక్కడ లేరు. లేదా పూజే జరగలేదు.

నాలుగు రోజులుగా ఇదే ఆలోచన. నాయకులు వచ్చారని రాశారు. ఉపన్యాసాలు ఎన్నో లెక్కపెట్టి రాశారు. పూజ గురించి మాత్రం ఒక్క వాక్యం. సుమ అందరి మనిషి, నిజమే. జెండా కప్పి, డప్పులతో ఊరేగించి, మీ నవీపేట్ వాళ్ల పద్ధతిలో గోదావరి ఒడ్డున కానిచ్చేశారా? అమ్మ పక్కన పెట్టామని రాసింది నన్ను ఓదార్చడానికా? మీరు మా మతం వారు కాకపోవడం నాకెప్పుడూ అడ్డు కాలేదు. మీ పెళ్లికి బాపును ఒప్పించింది నేనే. అబద్ధం మాత్రం అడ్డే.

ఒక్కటి చెప్పండి. సుమ మట్టిలో ఉందా, బూడిదయిందా?

ఇది రెండో ఉత్తరం. ఇంకొకటే మిగిలింది. దాన్ని కోపంతో ఖర్చు చేయించకండి.

సవిత

*

బోధన్,
ఏప్రిల్ 9.

వదినకు,

సుమ మట్టిలో ఉంది. మీ అమ్మగారి ఎడమ పక్క, ప్రహరీ నుంచి ఏడో సమాధి. పూజ జరిగింది. నేను అక్కడే ఉన్నాను, ఈసారి మొదటి బల్ల మీద. మీకు అబద్ధం రాశాను. ఆ జాబితా నోటుబుక్కు వెనక అట్టకు అంటించి ఉంటే చూసి రాశాను. ఏ ఆదివారానిదో తెలియదు.

పూజలో పాటలు లేవు. ఒక్కటీ లేదు. నా వల్ల.

శనివారం పదిన్నరకు పేటిక గుడి గేటు చేరింది. డప్పులు గేటు దగ్గర ఆగాలని ఫాదర్ అన్నారు. ఆపించాను. గుమ్మం దగ్గర పేటిక మీది సంఘం జెండా తీయాలన్నారు. లోపల తెల్ల వస్త్రం, శిలువ మాత్రమే ఉండాలట. తీయించాను. భూమవ్వ మడిచి చంకలో పెట్టుకుంది. సంఘం వాళ్లు నావైపు చూశారు. నియమం, అన్నాను.

అప్పుడు కావ్య దగ్గరికి వెళ్లాను. ముందు రోజు రాత్రి దిండు కింద నుంచి తెచ్చిన నోటుబుక్కు తెరిస్తే ఒకే ఒక్క పేజీ నిలువునా మడిచి, దాని చుట్టూ బీడీలు కట్టే ఎర్ర దారం చుట్టి ఉంది. అన్ని పేజీల్లో అదొక్కటే. ఇది పాడమని గుర్తు పెట్టుకుని పోయింది అనుకున్నాను. నాతో చెప్పలేకపోయింది, అందుకే నోటుబుక్కు దిండు కింద పెట్టించింది అనుకున్నాను. దారం విప్పాను. అల్లెలూయ పాట.

కావ్య ఆ పేజీ చూసి, విడిపోయిన దారం చూసింది. తర్వాత, "సార్, ఇది ఇప్పుడు పాడరాదు. ఈస్టర్ దాకా ఆ మాట నోట్లకు రావద్దు" అంది.

"ఆమె పెట్టిన గుర్తు" అన్నాను.

"గుర్తు కాదు సార్..." అని ఏదో చెప్పబోయింది. చుట్టూ కెమెరాల వాళ్లు, నాయకులు. ఫాదర్ వచ్చారు. "నాగేందర్ గారూ, బాధ అర్థమవుతుంది. కానీ తపస్సు కాలంలో పోపు గారికైనా ఇది ఉండదు. వేరేది ఏదైనా అడగండి" అన్నారు.

డప్పు ఆపమంటే ఆపాను. జెండా తీయమంటే తీశాను. ఆ రెండూ సంఘానివి. ఇది ఆమెది. మీ గుడిలో ముప్పై ఒక్క ఏళ్లు నేనేమీ అడగలేదు. అడిగిన మొదటిదానికి కాదన్నారు. బయటివాణ్ని కాబట్టి కాదన్నారు అనుకున్నాను. "ఇది పాడకపోతే ఏదీ పాడొద్దు" అన్నాను. గట్టిగా అనలేదు. ఫాదర్ నా ముఖం చూసి, భర్త మాట అని ఒప్పుకున్నారు. కావ్య హార్మోనియం మూసి దాని మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. బృందంలో పద్నాలుగు మంది. అందరూ తెల్ల చీరలు కట్టుకుని వచ్చారు.

పూజ అంతా చదివారు. కానుకల వేళ నాలుగు వేల మంది ఊరికే నిలబడ్డారు. ఫ్యాన్ల శబ్దం వినిపించింది. భూమవ్వ వెనక నుంచి అడిగింది, అందరికీ వినబడేలా: "అక్కకు పాట లేదా? ఎందరి చావులకో పాడిందాయె. అక్కకు పాట లేదా?"

జవాబు చెప్పాల్సింది నేను.

ఆ తర్వాత నేను గుడివైపు పోలేదు. కావ్య రెండుసార్లు ఇంటికి వచ్చింది. తలుపు తీయలేదు. మీరు జాబితా అడిగినప్పుడు ఏం రాయాలో తెలియలేదు. మీరిద్దరూ ఇచ్చిపుచ్చుకున్న మాట నాకు మీ ఉత్తరంలోనే తెలిసింది. ఆమె నాతో చెప్పలేదు. ఆ పదకొండు గంటలకు సుమకు పాట పాడింది మీరొక్కరే. ఇది మీకు తెలియాలి.

మీ మూడో ఉత్తరం నాకు రాయనవసరం లేదు.

నాగేందర్

*

మంగళూరు,
ఏప్రిల్ 14.

మరిదికి,

మూడోది మీకే రాస్తున్నాను. ఇంకెవరున్నారు నాకు?

నిన్న మట్టల ఆదివారం. మీ ఉత్తరం చదివి తోటలోకి వెళ్లి పొట్లపాదుకు నీళ్లు పెట్టి వచ్చాను. కోపం పోయిందని రాయలేను. కానీ బూడిద అని రాసిన నా చెయ్యి ముందు క్షమాపణ అడగాలి. అడుగుతున్నాను.

ఆ దారం సంగతి మీకు చెప్పాల్సిన మనిషి సుమ. అది చెప్పలేదు, కాబట్టి నేను చెప్తాను.

మా చిన్నప్పుడు బోధన్‌లో విదేశం నుంచి వచ్చిన ముసలి ఫాదర్ ఒకరుండేవారు. విభూది బుధవారానికి ముందు రోజు, పిల్లలందరి చేత ఒక పలక మీద అల్లెలూయ అని రాయించి, గుడి వెనక గుంట తీసి పూడ్పించేవారు. ఈస్టరు నాడు తవ్వి తీయించేవారు. నలభై రోజులు ఆ మాట సమాధిలో ఉందని మాకు అర్థం కావాలని. ఆయన పోయాక ఆ అలవాటు పోయింది. అమ్మకు మాత్రం పోలేదు. ఇంట్లో పలక లేదు, ఉన్నది మా పాటల పుస్తకం. "మట్టిల పెడితే చెదలు పడతయి బిడ్డా" అని, ఆ పేజీ మడిచి, ఒళ్లో చాట మీదున్న బీడీ దారం తీసి చుట్టి కట్టేసింది. ఈస్టరు దాకా విప్పొద్దంది. సుమకు అప్పుడు ఆరేళ్లు. దొంగచాటుగా విప్పబోతే వేళ్ల మీద ఒక్కటిచ్చింది.

అది గుర్తు కాదు. తాళం. ఏటా విభూది ముందు రోజు సుమ ఆ పేజీని కట్టేసేది. ఈ ఏడు కూడా, ఊపిరి ఆడకుండా ఆసుపత్రికి పోయే ముందు, మార్చి నాలుగున కట్టి ఉంటుంది. పాడమని కాదు, ఇప్పుడు పాడొద్దని. నోటుబుక్కు దిండు కింద ఎందుకు పెట్టించిందో నాకు తెలియదు. పండుగకు తానే విప్పాలనుకుందేమో.

మీరు ఆమె కోరిక అనుకుని మొండికేశారు. ఆమె మూసిన పేజీ కోసం ఆమె పాటలన్నీ మూయించారు. ఇది రాస్తుంటే నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియడం లేదు. ఏడాదికి నలభై రోజులు ఇంట్లో ఒక పేజీ కట్టి పెట్టుకుని, పక్కనున్న మనిషికి ఎందుకో చెప్పని మా చెల్లెలి మీద కూడా వస్తోంది. మీరు అడగరని అది చెప్పలేదు. అది చెప్పదని మీరు అడగలేదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను, వినండి. ఆ పేజీని మళ్లీ కట్టండి. ఇంకా ఆరు రోజులుంది. ఈస్టరు తెల్లవారుజామున అయిదున్నరకు మన వాళ్లు సమాధుల తోటకు వెళ్తారు, అక్కడ ఫాదర్ సమాధులు ఆశీర్వదిస్తారు. అప్పుడు ఆ మాట పాడొచ్చు. పాడాలి కూడా. కావ్యకు తలుపు తీయండి. నేను అయిదున్నరకు ఇక్కడ ఎత్తుకుంటాను. ఈసారి మదర్ గారిని ముందే అడిగాను.

ఇక ఉత్తరాలు లేవు. పండుగ తర్వాత రాస్తాను.

ఆశీస్సులతో,
సవిత వదిన

*

బోధన్,
ఏప్రిల్ 19, శనివారం.

వదినకు,

ఇది మీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాయాలి.

మీ ఉత్తరం మొన్న గురువారం మధ్యాహ్నం వచ్చింది. అప్పుడే నోటుబుక్కు తీశాను. దారం నా చొక్కా జేబులోనే ఉంది, ఆ రోజుది. పేజీ మడిచి కట్టబోతే జారిపోయింది. నాలుగుసార్లు ప్రయత్నించాను. భూమవ్వ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ముడి వేస్తే ఊడుతోంది" అన్నాను.

"ముడి ఎవలేయమన్నరు సారూ? నాలుగు సుట్లు సుట్టి కొస లోపటికి దోపాలె. ముప్పై ఏండ్లు బడిల లెక్కలు చెప్పినవ్, బీడీలు చుట్టే ఆమెతోని కాపురం చేసినవ్, గిది సూడలేదా?"

"చూడలేదు" అన్నాను.

ఆమె చేసి చూపించి విప్పేసింది. "ఇగ నువ్వు కట్టు" అంది. రెండోసారికి నిలిచింది. అప్పుడు ఆమెకు ఆ రోజు జవాబు చెప్పాను. పాట ఎందుకు లేదో మొత్తం చెప్పాను. ఆమె చేతిలోని బీడీ పూర్తి చేసి, కట్టలో పెట్టి, "గంతేనా. నేను పైసలున్నోళ్లు వద్దన్నరేమో అనుకున్న" అంది. కాసేపటికి, "జెండ నా దగ్గర్నే ఉన్నది. తేవాల్నా?" అని అడిగింది. అడిగి చెప్తానన్నాను. అక్కడి నుంచే ఫాదర్ దగ్గరికి వెళ్లాను. నేను మాట మొదలుపెట్టకముందే కూర్చోమని కుర్చీ జరిపారు. జెండా తోటలోకి తేవచ్చన్నారు.

సాయంత్రం రాకాసిపేటలో కావ్య ఇంటికి వెళ్లాను. తలుపు తీసి నన్ను చూసి పక్కకు జరిగింది. నోటుబుక్కు ఆమె ముందు పెట్టాను. కట్టిన దారం చూసింది.

"ఆ రోజు మీరు విప్పి తెచ్చినప్పుడే నాకు తెలుసు సార్. సుమక్క మాకందరికీ చూపెట్టేది. చెప్దామంటే, అంతమందిల మీరు తప్పు చేసిన్రని ఎట్ల చెప్పాలె? మీ ముఖం సూసి నోరు రాలే."

"చెప్పినా వినేవాణ్ని కాదు" అన్నాను.

"పద్నాలుగు మందిమి ఇంటికి పోయి ఏడ్చినం సార్. సుమక్క పోయిందని కాదు. పాడకపోతిమని."

క్షమించమని అడిగాను. ఆమె టీ పెట్టింది. తాగి వచ్చాను.

కాపరి పాటతో మొదలుపెడతామంది. ఆ తర్వాత గోధుమ గింజ పాట, దేవమాత పాట. ఆ రోజు పాడాలని నేర్చుకుని వచ్చినవన్నీ. చివర ఆ పేజీ. మహిమ గీతం ఉందా అని అడిగాను. "అది శనివారం రాత్రి పండుగ పూజల పాడుతం సార్, గంటలు కొట్టుకుంట. ఇప్పుడు అడిగింది మాత్రం సరిగ్గనే అడిగిన్రు" అని నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. మార్చి పదమూడు తర్వాత ఇదే మొదటిది.

మీరు ఒక మాట రాశారు. మీరు అడగరని అది చెప్పలేదు అని. ఏటా ఆ నలభై రోజులు వంట చేస్తూ కూడా సుమ కూనిరాగం తీసేది కాదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉందని నాకు తెలిసేది. సంఘం పని ఎక్కువై అలసిపోయింది అనుకునేవాణ్ని.

నాకు పాట రాదు. రేపు పాడను.

రేపు ఉదయం అయిదింటికి నోటుబుక్కు సంచిలో వేసుకుని సమాధుల తోటకు నడిచి వెళ్తాను. ప్రహరీ నుంచి ఏడోదాని దగ్గర నిలబడతాను. కావ్య తల ఊపినప్పుడు దారం కొస బయటికి లాగి, నాలుగు చుట్లూ విప్పి, ఆ పేజీ వాళ్లకు కనబడేలా పట్టుకుంటాను.

నాగేందర్